చాప రెండో ముఖం

మా నాన్న తతామి చాపలు కుట్టేవాడు, ఒకయామాలో.
ఒక్కనాడూ జూడో ఆడి ఎరగడు.
అయినా ఏ బళ్ళో ఏ పట్టు నేర్పుతున్నారో
చాప చూసి చెప్పేవాడు.

"ఇకుయో, ఇటు రా. ఇక్కడ గడ్డి మడమ కింద నలిగింది చూడు,
పోలీసుల వ్యాయామశాలది. నిలబడి విసురుతారు.
ఇది మాత్రం హైస్కూలు కుర్రాళ్ళది.
భుజం రాసుకుని, చెవి రాసుకుని,
జిడ్డోడి, నడుమంతా గుంట.
జలగలు! నేల వదలరు."

ఆ జలగల్లో ఒకడు నిబే.
పదిహేనుమంది మీద పదిహేనుమంది దిగే పోటీల్లో
గెలవడం కాదు అతని పని.
అవతలి జట్టు కొండని కాళ్ళతో చుట్టుకుని
గంట కొట్టేదాకా
ఓడకుండా ఉండటం.
చెవులు ఉడికిన చేమదుంపలయ్యాయి.
చూసేవాళ్ళు ఆవలించేవాళ్ళు.
జట్టు మాత్రం ముందు అతని గిన్నెలోనే అన్నం వడ్డించేది.

తర్వాత టోక్యో నుంచి కాగితం వచ్చింది:
ముందు విసరాలి, ఆ పైనే నేల.
ఆ తర్వాత ఇంకో కాగితం.
ఆ తర్వాత యుద్ధం, దాని వెనకే
ఆ బడి పేరే లేకుండా పోవడం.
సంఘాలు, బరువుల తరగతులు, పాయింట్ల బోర్డు, నీలం చొక్కా.
నేల మీద ఎంతసేపుండాలో
ఇప్పుడు రిఫరీ చెయ్యి చెబుతుంది.

నాకొచ్చే ఆర్డర్లన్నీ ఆకుపచ్చ వినైల్‌వే.
తడిగుడ్డ పెడితే నిన్నటి ఆట మాయం.
తిరగేస్తే రబ్బరు,
నాన్న ఉంటే ఏం చదివేవాడో.

ఎనభై దాటాక నిబే మా కొట్టు మెట్టెక్కాడు.
"ఒక్కటి చాలు. నిజం గడ్డిది."
బ్రెజిల్లో మీ పట్లకి ఇంకేదో పేరు పెట్టుకున్నారట,
మా మనవడు చెప్పాడు, అన్నాను.
"పెట్టుకోనీ," అన్నాడు,
"నేల ఎక్కడైనా కిందే కదా."

రెండేళ్ళకి చాప తిరిగొచ్చింది.
మధ్యలో గుంట, ముసలి వీపంత.
దాన్ని ఆనుకుని రెండు చిన్న మోకాళ్ళ గుర్తులు,
ఏడెనిమిదేళ్ళ పిల్లవి అయ్యుంటాయి.
ఎవరని అడగలేదు. గట్టిగా అరిస్తే తప్ప
ఆ చేమదుంపలకి వినబడదు.

పై అల్లిక విప్పి తిరగేశాను.
గడ్డికి రెండో ముఖం ఉంటుంది, ఒక్కసారికి.
మోకాళ్ళు ఆనే వైపు
అంచుకి ఇంకో వరస కుట్టాను.
దానికి డబ్బు రాయలేదు.