పాప బాగుందా

కోఠి గుజరాతీ గల్లీలో మూడో అంతస్తు.
నా బల్ల మీద పదహారు కెమెరాలు,
అన్నిటిదీ ఒకటే రోగం:
లోపలి క్యాలెండర్ నిరుడు డిసెంబరుతో అయిపోయింది.
ఇప్పుడు తీసే ప్రతి ఫోటో
వెనక్కి పోయి రెండువేల ఒకటిలో పుడుతోంది.
మొన్న కాచిగూడలో కళ్లు తెరిచిన పిల్ల
వాళ్లమ్మ పెళ్లికంటే పద్నాలుగేళ్లు పెద్దది.

కంపెనీకి రాస్తే, ఆ మోడల్‌కు కాలం చెల్లింది అన్నారు.
షట్టర్ టక్కుమంటూనే ఉంది.
దానికెవరు చెప్పాలి?

ఫర్మ్‌వేర్ తాళం తీయండి చాలు,
మిగతాది మేం చూసుకుంటామన్నాం
నేను, స్టూడియో ముబష్షిర్,
కుషాయిగూడలో నైట్ డ్యూటీ చేసే సుగుణాకర్,
పాలిటెక్నిక్ మధ్యలో ఆపేసిన రవళి.
ఏడాదిన్నర ఉలుకూ పలుకూ లేదు.
ఒక మంగళవారం, వాన పడుతుంటే,
వచ్చేసింది మొత్తం.
లక్షా పన్నెండువేల వరుసలు, పక్కన ఒక్క ముక్క ఉత్తరం లేదు.

చదివాం. చాయ్ చల్లారింది, మళ్లీ తెప్పించాం.
క్యాలెండర్ లెక్క దగ్గర
ఎవరో, ఏ దేశం వాడో, రాసుకున్నాడు:
"ఇది తర్వాత సరిచేయాలి.
ఇవాళ మా పాప పుట్టినరోజు, తొందరగా వెళ్లాలి."
ఫ్యాన్ చప్పుడొక్కటే మిగిలింది గదిలో.

ఏళ్లు పొడిగించింది రవళే.
ఎందాకా అంటే, "మనమెవరం ఉండనందాకా" అంది.
పదహారింటిలో రెండు లేవలేదు, అబద్ధమెందుకు.
ఆ పాత మాట మాత్రం తుడవనివ్వలేదు.
దాని కిందే టైపు చేసింది:
"అయిపోయింది సార్.
పాప బాగుందా?"