అరువు కుర్రాడు

తెల్లారగట్ల ఐదింటికి రేవులో
మేం పద్నాలుగుమందిమి.
ఫెర్రీ కూత వేసేసరికి పదమూడు.
అలస్దేర్‌కి ఇంటినుంచి ఫోను: గొర్రె ఈనలేక అల్లాడుతోందని.
ర్యాంపు లేపేలోపు పరుగున దిగిపోయాడు.
వాడి బూట్ల సంచి మాత్రం మాతో వచ్చింది.

దారంతా టోర్మోడ్ కమ్మీ పట్టుకుని
పొద్దున తిన్నదీ నిన్న తిన్నదీ
సముద్రానికి లెక్క అప్పజెప్పాడు.
రొయ్యల పడవ మీద పెరిగినవాడే.
ఇంకొకడు నడిపితే పడదట.

ఆ పైన బస్సు. కొండల మీద ఇంకా మంచు.
మర్డో మాస్టారు వెనక సీట్లో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు,
మలుపు తిరిగినప్పుడల్లా ఎవడికో
ఒక మార్కు ఎక్కువ పడుతూ.

వాళ్ళ మైదానం అప్పడాల పీటలా చదునుగా ఉంది.
మాది అలా కాదు.
ఒక మూల సముద్రంలోకి జారిపోతూ ఉంటుంది,
ఏ వాలులో బంతి ఎటు దొర్లుతుందో మా కాళ్ళకి తెలుసు.
అన్నిటికన్నా, మాకు గాలి ఉంది.
ఇక్కడ ఆకు కదల్లేదు.
జెండా కర్రకి అతుక్కుని నిద్రపోతోంది.
గాలి లేనిచోట బంతిని ఎలా తన్నాలో
మాకెవరూ నేర్పలేదు.

మా తలలు వాళ్ళ కెప్టెనే లెక్కపెట్టాడు,
మేం చెప్పడానికి సిగ్గుపడుతుండగా.
"ఒకణ్ణి ఇస్తాం, ఇద్దరు మా దగ్గరా లేరు" అన్నాడు.
గీత అవతల నారింజలు కోస్తున్న పిల్లాడు
చేతులు జెర్సీకి తుడుచుకుని, ఆ జెర్సీ విప్పేసి,
మాది తొడుక్కుని వచ్చాడు.
పేరు గ్రెగర్. పద్దెనిమిదేళ్ళు.
బూట్లు తెచ్చుకోలేదు. అలస్దేర్ బూట్లిచ్చాం.
రెండు సైజులు పెద్దవి, ముందు న్యూస్‌పేపర్ కుక్కాం.

మొదటి పది నిమిషాలు ఎక్కడైనా చెప్పుకోవచ్చు.
తర్వాతివి ఇంట్లో కూడా చెప్పుకోలేం.
స్క్రమ్‌లో తల దూర్చినప్పుడల్లా
నా నలభైనాలుగేళ్ళూ ఒకదాని వెనక ఒకటి మెడ మీద కూర్చున్నాయి.
లేచి చూసేసరికి ఎవడో మా గీత దాటి
నింపాదిగా, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు
బంతిని కింద పెడుతున్నాడు.
మళ్ళీ. మళ్ళీ.
స్కోరు బోర్డు దగ్గరి పిల్లకి ఆరు అంకె దొరక్క
తొమ్మిదిని తలకిందులుగా తగిలించింది.

ఇంక మూడు నిమిషాలుందనగా
ఎవరి చేతుల్లోంచో జారిన బంతి గ్రెగర్ ముందు పడింది.
వాడు పరిగెత్తాడు.
రోజూ తనతో సాధన చేసేవాళ్ళ మధ్యనుంచి,
కాలు పట్టబోయిన సొంత అన్న చేతిలో
ఎడం బూటు వదిలేసి,
ఒంటి మేజోడుతో వెళ్ళి గీత దాటి పడ్డాడు.
గట్టు మీద ఒక్కాయన చప్పట్లు మొదలెట్టి
చుట్టూ చూసి ఆపాడు.
ఆపలేక మళ్ళీ కొట్టాడు.
అచ్చం వాడి ముక్కే ఆయనది.

కన్వర్షన్ కిక్ నాది.
ఇరవయ్యేళ్ళ అలవాటు, గాలి తోసుకొస్తుందని
స్తంభాలకి ఎడంగా, అవతలికి గురిపెట్టాను.
గాలి రాలేదు.
నేను ఎటు కొట్టానో బంతి
మర్యాదగా అటే పోయింది.

అరవై ఒకటి, అయిదు.

క్లబ్బులో వేడి సూపు పోశారు, రెండోసారి కూడా అడిగారు.
గ్రెగర్ ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తెలీక
సూపు నిలబడే తాగాడు.
మా జెర్సీ వెనక్కివ్వబోతే
"ఉతికి పంపు" అన్నాడు మర్డో మాస్టారు.
పంపొద్దని దాని అర్థం. పిల్లాడికి అర్థమైందో లేదో.

తిరుగు ఫెర్రీలో ఎవరూ మాట్లాడలేదు.
సగం దూరంలో గాలి లేచింది.
టోర్మోడ్ తిట్టాడు, దాన్ని,
పెళ్ళికి రమ్మంటే రాకుండా
మర్నాడు దిగబడిన చుట్టాన్ని తిట్టినట్టు.

రేవులో అలస్దేర్, మోచేతులదాకా ఎండిన నెత్తురుతో.
"ఎన్ని?" అన్నాడు.
"ఒకటి. నీకు?"
"రెండు. ఒకటే బతికింది."
బూట్లు అందుకున్నాడు. లోపల వేళ్ళు పెట్టి
ఉండకట్టిన కాగితం బయటికి తీసి,
దీపం కిందికి జరిగి, సాపు చేసి,
ఆ ఊళ్ళో గొర్రెల ధర ఎంతుందో
చదవడం మొదలెట్టాడు.