రెండువందల గుడ్లు

హెవిన్ ఫోన్ చేశాడు, ఏటా మార్చిలో చేసినట్టే.
"ఫారం ఇంకా అందలేదేం, నెరిస్?"
ఫారం వంటింట్లోనే ఉంది
రొట్టెల డబ్బా కింద,
పేరు రాశాక పుట్టినతేదీ దగ్గర ఆగిపోయి.

ఈసారి తొక్కను, అన్నాను.
మోకాలా, అన్నాడు.
కాదు.
మళ్లీ నడుమా?
కాదు.
గ్లిన్ లేడని... అంటూ నసిగాడు.
అతను పోయి ఆరేళ్లు. ఆ ఏడు కూడా తొక్కాను.
"అయితే సైకిలంటేనే మొహం మొత్తిందన్నమాట!"

ఏం చెప్పను?
నిన్న సాయంత్రం ఉప్పు కొనుక్కొద్దామని బయల్దేరి
మూడు లోయలు చుట్టి చీకటిపడ్డాక ఇల్లు చేరాను,
ఉప్పు లేకుండా.

జబ్బయితే మందుంటుంది
అలకయితే ఎవరో ఒకరు తీరుస్తారు
ఇది సబ్బుబిళ్ల అరిగినట్టు అరిగింది.
ఏ స్నానం నాడని అడిగితే?

పంతొమ్మిది బ్రెవే కార్డులు దాచాను, చెప్పుల పెట్టెలో.
ట్రెగారన్ ముద్రలు, మహంక్లెత్ ముద్రలు,
అక్షరాలెగిరిపోయిన పెట్రోలు బంకు చీటీ.
ఒక కార్డు మీద వానపడి సిరా అంతా
నీలం మేఘమైపోయింది.
తీసి చూసేది అదొక్కటే.

ఒకటి మాత్రం హెవిన్‌కి చెప్పలేదు.
పోయినేడు, నూటనలభయ్యో కిలోమీటరు దాటాక,
కొండ మీద ఒక పెద్దాయన
చంకలో గొర్రెపిల్ల, కాలి దగ్గర ఇంకోటి
తెరుచుకుపోతున్న గేటును తుంటితో ఆపుకుంటూ
నాకేసి చెయ్యెత్తాడు.
తనిఖీ కేంద్రం మూసేయడానికి పదకొండు నిమిషాలు.
మన్నించండి, అని వెల్ష్‌లోనే అరిచాను
(మర్యాదకేం లోటు చెయ్యలేదు)
వాలులోకి జారిపోయాను.
నాలుగు నిమిషాలు మిగిలాయి.
ఎలినెద్ ముద్ర గుద్ది శభాషంది.
టీలో పంచదార వేశానో లేదో తెలీలేదు.

"పోనీ గుడ్లు ఒలుస్తావా?" అన్నాడు హెవిన్ చివరికి.

తెల్లవారక ముందే వెళ్లాను
లైటు వెలుగులో నా ముందు నేనే పరుగెత్తుతూ.
ఊరి హాల్లో రెండువందల గుడ్లు ఉడికి
బకెట్లో చల్లారుతున్నాయి.
ఒలిచాను. వేళ్లు మంచుముక్కలయ్యాయి.
బయట షూ క్లిప్పుల టకటక, గొంతులు సవరించుకోవడం,
ఎవరో కుర్రాడు భయంతో మూడోసారి టాయిలెట్‌కి.
ఆ భయాన్ని నేనెరుగుదును.
ఒకప్పుడు దానికోసమే ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.
కిటికీలోంచి ఎర్ర దీపాలు ఒకదాని వెనకొకటి
మలుపు తిరిగాయి.
నా కాళ్లు బల్ల కింద కదల్లేదు.
కాస్త బాధేసింది, అబద్ధమెందుకు.

ఒక గుడ్డు జేబులో వేసుకుని
బాణం గుర్తులకి ఎదురుదారి పట్టాను.
ఇల్లు ఎనిమిది కిలోమీటర్లు. ఆ దారిలో కాదు.
గాలి ఎటుంటే అటు కాసేపు,
తర్వాత గాలి మీద కోపమొచ్చి ఇటు.
ఒక వంతెన మీద ఊరికే ఆగాను
ఎవరూ నన్ను దాటిపోలేదు, నేనూ ఎవర్నీ.

మధ్యాహ్నానికి ఆ గేటు.
కొత్త బందులు, నారింజరంగు తాడు ముడి.
సైకిలానించి గుడ్డు తీశాను.
ఉప్పు లేదు, మళ్లీ.
నాలుగు చక్రాల బండి మీద వచ్చిన పిల్లాడు
దారి తప్పారా, అందరూ అటెళ్లారు, అన్నాడు.
ఇక్కడ ఒక పెద్దాయన, అన్నాను.
"తాతా? లోపల రగ్బీ చూస్తున్నాడు.
ఓడిపోతున్నారు, ఇప్పుడు పిలిస్తే తిడతాడు."

ఆ రోజు గేటు ఎవరు పట్టుకున్నారో
అడుగుదామనుకున్నాను.
"ఆంటీ, కాస్త ఇది పట్టుకుంటారా" అన్నాడు వాడు,
ముడి విప్పుతూ.

నలభైమూడు గొర్రెలు, పిల్లలు కాక.
తీరిగ్గా వెళ్లాయి.

ఇల్లు చేరేసరికి ఎనిమిదయింది.
ఆఖరువాడు కూడా ఎప్పుడో చేరి
హాల్లో బల్లలు మడిచేసి ఉంటారు.
వేడినీళ్లలో చేతులు పెట్టాక
గోరు కింద గుడ్డుపెంకు ముక్క
అప్పుడు గుచ్చుకుంది.