కొబ్బరి పొగ

నా పేరు కల్మెత్.
టోంగోవా నుంచి ఎపీ దీవికి తిరిగే పడవకి
ఇరవై ఆరేళ్లుగా ఇంజను మనిషిని.
మూడో సిలిండరు ఎప్పుడు దగ్గుతుందో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మా లెక్క ఎప్పుడూ ఒకటే:
ఎండుకొబ్బరి మోయడానికి డీజిలు,
డీజిలు కొనడానికి ఎండుకొబ్బరి.
మధ్యలో మిగిలేది
చొక్కాకి పట్టిన మసి.

ఆ ఏడు సరుకు ఓడ రాలేదు.
షెడ్డులో బస్తాలు బూజు పట్టాయి.
పీపాలో కర్ర ముంచితే
చివర గోరంత తడి.
అప్పుడంది నా మేనకోడలు లెయ్‌మారా:
"మామా, అది మోసేదే దానికి తాగిద్దాం."

నవ్వాను.
నవ్వి, తను చూడనప్పుడు
ఆడించిన నూనె నేరుగా ట్యాంకులో పోశాను.
మధ్యాహ్నం నడిచింది, బుద్ధిగా.
జూలై తెల్లవారుజామున మూత తీస్తే
లోపల తెల్లగా, గట్టిగా,
తలకి రాసుకునే నూనె
చలికి సీసాలో పేరుకున్నట్టు.
"దువ్వెన కూడా కొనిపెట్టు ఇంజనుకి" అంది పిల్ల.

ఆ తర్వాత తనే దిగింది.
కళ్లకి అద్దాలు, చేతులకి తొడుగులు,
కాస్టిక్ సోడా, మెథనాల్, ఒక గడియారం.
నూనె వెచ్చబెట్టి, కలిపి,
రాత్రంతా కదపకుండా వదిలేస్తే
అడుక్కి తేనెరంగు జిగురు దిగింది,
పైన పలచటిది తేరుకుంది.
జిగురు మా ఆవిడ సబ్బుకి పట్టుకుపోయింది.
పలచటిదాన్ని వాననీళ్లతో మూడుసార్లు కడిగి,
చెమ్మంతా పోయేదాకా కాచి,
నా ముందు పెట్టింది.

ఉన్నమాట చెప్పాలి.
రెండుసార్లు పొలమారి, ఇంజను మెత్తబడింది.
వేన్నీళ్లు పుక్కిలించిన గొంతులా
ఆ గరగర తగ్గింది.
నల్లపొగ లేదు. పలచని తెర ఒకటి,
దాని వెనక
లాప్‌లాప్ మీద పోసిన కొబ్బరిపాలు మాడిన వాసన.
రేవులో కుక్కలు పొగవెంట నడిచాయి.

నాలుగోరోజు నడిసముద్రంలో ఆగిపోయింది.
పద్దెనిమిది మంది, రెండు పందులు, ఒక కుట్టుమిషను,
పక్కనుంచి కొడుతున్న కెరటం.
"చెప్పలేదూ!" అన్నాను.
ఫిల్టరు విప్పితే
చేతిలోకి జారింది నల్లటి ముద్ద.
కొబ్బరిది కాదది,
ఇరవై ఆరేళ్ల నా డీజిలుది.
ట్యాంకు గోడల్ని కరుచుకుని
ఎవరికంటా పడకుండా బతికిన మడ్డిని
ఈ కొత్తనూనె కడిగి బయటపెట్టింది.
లెయ్‌మారా ఏమీ అనలేదు.
ఇంజను ఆగిన ఆ నిశ్శబ్దంలో
అదే నాకు గట్టిగా వినపడింది.

ఆ నెల మూడు ఫిల్టర్లు మార్చాం.
పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి చెమటలు పట్టాయి,
వాటినీ మార్చాం.
ఇంకోటి కూడా రాసుకోండి:
ఎపీ మొనదగ్గర ఎదురు ప్రవాహంలో
మునుపటి ఊపు లేదు.
పది లీటర్ల దారికి పదకొండు తాగుతుంది.
తేలిక తిండి, తొందర ఆకలి.

మొన్న పంపు విప్పి చూశాను.
లోపలి ఉక్కు మీద ఒక్క గీత లేదు,
నూనె రాసిన పసిపిల్ల వీపులా ఉంది.
ఎవరికీ చెప్పకుండా మళ్లీ బిగించాను.

ఇప్పుడు ఎక్కించే బస్తాల్లో ఒకటి
అవతలి ఒడ్డు చేరకముందే పొగైపోతుంది.
యజమాని దాన్ని నష్టం కింద రాస్తాడు.
పడవ తన టికెట్టు తనే కొనుక్కుంది అంటుంది లెయ్‌మారా.

షెడ్డు మూల ఒక పీపా డీజిలు దాచాను.
చలిపొద్దుల కోసమని చెప్తాను గానీ,
అసలు సంగతి అలవాటు.
నిన్న కర్ర ముంచి చూస్తే
నేను గుర్తు గీసినదానికి
నాలుగు వేళ్లు పైనుంది.
వాసన చూశాను.
మూత పెట్టేశాను.