లోపల ఏమీ లేనిది

కరగందాలో మంచు నల్లగా పడుతుంది.
నమ్మకపోతే మానండి, బొగ్గు ఊరు మరి.
కిటికీ బయట తెల్లబట్ట ఆరేస్తే
సాయంత్రానికి దాని మీద వేలితో పేరు రాయొచ్చు.

మా అంతస్తుకి వంటగది ఒకటే.
ఆరు కుటుంబాలు, ఆరు ఉప్పు డబ్బాలు,
ఆరింటికీ తాళాలు.
పిండి దొరికిన రోజు మాత్రం
అందరి పిండీ ఒకే బల్ల మీద పడేది.
జల్లెడ ఒక్కటే ఉంది, అది రిస్తీది.

రిస్తీ గుమ్మడికాయ సన్నగా తరిగి
మంతీల నాలుగు కొసలూ పైకి తెచ్చి
ముడుపు కట్టినట్టు కట్టేది.
బ్రోన్యా గ్లాసు బోర్లించి గుండ్రాలు కోసేది,
ఆలుగడ్డా విరిగిన పాలూ కూరి
కజ్జికాయ అంచులా మెలిపెట్టేది.
ఒక్క మెలిక తప్పినా మొత్తం విప్పేది.
ఓక్‌సున్ బామ్మ క్యాబేజీ నీరు పిండి
కుచ్చిళ్ళు పోసేది, పద్దెనిమిది,
చేతుల వంక చూడకుండానే.
ఒటీలియా చెంచాతో ముద్దలు జారవిడిచేది,
రూపం సంగతి దేవుడికి వదిలేసి.
మా అమ్మవి పెల్మెనీలు, చెవుల్లా ఉండాలి.
అమ్మ చేసినవి నీళ్ళలో పడగానే
అంచులూడి నోళ్ళయిపోయేవి.

జెజాగ్‌ది వేరే సంగతి.
పిండిపట్టీ మీద మూడు వేళ్ళు ఆనించి
తనవైపు ఒక్క లాగు లాగితే
గవ్వలా ముడుచుకునేది.
అంతే. కూర లేదు, మాంసం లేదు.
"ఇందులో ఏముంది?" అంది బ్రోన్యా.
"నా వేళ్ళున్నాయి" అంది జెజాగ్.
మాంసం పక్కన వేరే ఉడకాలిట,
వెల్లుల్లి దంచి పులుసులో కలిపి
అందులో ముంచుకు తినాలిట.
వాళ్ళ కొండల్లో అంతేనట.
కొండలెక్కడ అని అడిగాను.
పిండిచేత్తో కిటికీ వైపు చూపించింది.
అక్కడ గని తవ్విపోసిన గుట్ట ఉంది.

మూత లేనిది మూటెలా అవుతుందని బ్రోన్యా,
తన ముద్దల్లోనూ ఏమీ లేదు గనుక
జెజాగ్ పక్షాన ఒటీలియా.
రష్యన్‌లో తిట్టుకునేవాళ్ళు.
ఆ భాష మా అమ్మ ఒక్కదానిదే,
ఆమె మాత్రం నోరెత్తేది కాదు.

పలక మీద పరిచి బయట పెడితే
అరగంటలో అన్నీ గులకరాళ్ళు.
అన్నిటికీ ఒకటే గుడ్డసంచి,
కిటికీ అవతల మేకుకి.
రాత్రి గాలికి అది గోడకి కొట్టుకుంటే
గోళీల చప్పుడు.
రేపటికి ఉందిలే అని నిద్రపట్టేది.

నాలుగో చలికాలం నడుమ
జెజాగ్ వాళ్ళకి కాగితం వచ్చింది, వెళ్ళిపోవచ్చని.
ఒటీలియా వాళ్ళకి రాలేదు.
ఉప్పు డబ్బా తాళంతో సహా వదిలేసి
తాళంచెవి పట్టుకుని రైలెక్కింది జెజాగ్.
ఆ డబ్బా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.
ఊపితే గలగలమంటుంది.

మార్చి చివర సంచి దులిపితే
అడుగున పదకొండు గవ్వలు.
ఓక్‌సున్ బామ్మ ఒకటి తీసి
ఆ గుంటల్లో తన వేళ్ళు పెట్టి చూసింది.
పట్టలేదు.
బ్రోన్యా పెట్టింది. పట్టలేదు.
నావి పట్టాయి. నాకప్పుడు పన్నెండేళ్ళు.

"అసలా పిల్లకి ఎన్నేళ్ళు?" అంది అమ్మ.

నాలుగు చలికాలాలు ఒకే పొయ్యి,
ఒకే జల్లెడ.
రిస్తీ బ్రోన్యా వంక చూసింది,
బ్రోన్యా పొయ్యి వంక.

నీళ్ళు మరిగాక బ్రోన్యాయే వేసింది,
ఒక్కొక్కటీ, చుక్క చిందకుండా.
వెల్లుల్లి లేదని అప్పుడు గుర్తొచ్చింది.
రిస్తీ శాలువా కప్పుకుని
కింది అంతస్తుకి పరిగెత్తింది అరువు తేవడానికి.

పొయ్యి చుట్టూ నిలబడ్డాం.
పదకొండూ పైకి తేలాయి.
రిస్తీ ఇంకా రాలేదు.