జ్ఞానదంతం

పొద్దున తొమ్మిదింటికి
హబ్సిగూడలో మా ల్యాబు తలుపు తీస్తే
ముందు ఏసీ చల్లదనం, తర్వాత ఆసిడ్ వాసన,
ఆ తర్వాత ఆమె.

ఆమె అంటే రెండు పళ్ళు.
నానక్‌రాంగూడ బండల వెనక
లిఫ్టు గుంత తవ్వుతుంటే బయటపడ్డ రాకాసి గూడు.
ఎముకలూ ఉన్నాయి గానీ
ఈ నేల వేడికి వాటిలోని జిగురు ఎప్పుడో పోయింది,
అడిగితే సున్నం తప్ప ఏమీ చెప్పవు.
పంటి పింగాణీ మొండిది.
తిన్నది మర్చిపోదు.

మసూద్ భాయ్ డ్రిల్లు పెడతాడు,
నేను కింద రేకు పట్టుకుంటాను.
రాలేది ముక్కుపొడుం పట్టంత కూడా ఉండదు.
"ఊపిరి బిగబట్టు బేటీ,
తుమ్మితే రెండున్నర వేల ఏండ్లు ఎగిరిపోతయ్."
రోజూ అంటాడు. రోజూ నవ్వొస్తుంది.

యంత్రానికి వంటల పేర్లు తెలీవు.
వరిది ఒక దారి, జొన్న కొర్ర సామలది ఇంకో దారి;
గాలిలోని కర్బనాన్ని ఆకు ఏ దారిన మింగిందో
ఆ బరువే పంట నుంచి పంటికి వస్తుంది.
మిగతాదంతా మా ఊహ.

మొదటి దవడపన్ను, పాలు మరిచే వయసులో గట్టిపడేది:
మైనస్ పదమూడు.
వరి తిన్న పిల్ల. ఏ నీళ్ళ పక్కనో పుట్టింది.
జ్ఞానదంతం, పదేళ్ళకో పన్నెండేళ్ళకో గట్టిపడేది:
మైనస్ మూడు.
ఒక్క మెతుకు జాడ లేదు.

మళ్ళీ నడిపించాం. మైనస్ మూడే.

మసూద్ భాయ్ చాయ్ చల్లారిపోయింది.
"పెండ్లి చేసి తెచ్చిన్రా?" అన్నాను.
"అమ్మిన్రేమో.
కరువుకు ఊరు ఊరే లేచి నడిచిందేమో."
గ్రాఫు మీద రెండు చుక్కలు,
నడుమ తెల్లటి ఖాళీ.
అక్కడే నడిచింది ఆమె.

పోయిన నెల అఫ్జల్‌గంజ్ దవాఖానలో పీకించుకున్న
నా జ్ఞానదంతం కూడా సీసాలో ఉంది, పోల్చి చూడటానికి.
నాది తలకిందుల లెక్క.
కోస్గిలో జొన్నరొట్టె మీద పెరిగి
పదో ఏట హాస్టల్లో పడ్డాను.
మొదటి రాత్రి స్టీలు పళ్ళెంలో తెల్లన్నం కుప్ప,
పండగ అనుకున్నా.
మూడో రోజుకి వేళ్ళు
తుంచడానికి అంచు వెతుక్కున్నాయి.
అన్నానికి అంచు ఉండదు.
ఏడవలేదు, వార్డెన్ చూస్తోంది.

ఆమె వేళ్ళు ఏం వెతుక్కున్నాయో.
నమలడం రాదని ఎవరన్నా వెక్కిరించారో.
ఆ గీత పింగాణీలో పడదు.
అడుగున మిగిలిన ముద్ద ఎవరికి వచ్చేదో కూడా.

రిపోర్టులో రాశాను:
బాల్యంలో ఆహారం మారింది. కారణం తెలియదు.
సంతకం.

సాయంత్రం మెట్రో పిల్లరు కింద
అంజవ్వ రొట్టెలు కొడుతోంది.
చక్కెర జబ్బు ఆఫీసర్లు లైన్లో ఉన్నారు.
ఒకటి ఇరవై రూపాయలు.
అంచు తుంచి, ఎడమవైపు నమిలాను.
కుడివైపు
ఇంకా పచ్చిగా ఉంది.