ఖాళీ వరస

నా మొదటి పుస్తకం
గవర్నరుపేట సందులో, మెట్ల కింది ప్రెస్సులో
ఖాజావలి చేతుల మీదుగా అచ్చయింది.
ముప్ఫై ఆరు పాదాలు, ఊపిరి తియ్యకుండా రాసుకుపోయాను.
ఎక్కడా ఆగకపోవడమే ఆవేశమనుకునే వయసు.

గ్యాలీ ప్రూఫులో చూస్తే
తొమ్మిదో పాదం తర్వాత తెల్లగా ఒక సందు.
ఇరవై రెండు తర్వాత ఇంకొకటి.
ఆఖరి రెండు పాదాలూ విడిగా,
బస్సు దిగి దారి తెలియక నిలబడ్డ వాళ్లలా.

"ఎవరు విడగొట్టమన్నారు?"

ఆయన స్టిక్కులోంచి తల ఎత్తలేదు.
వత్తుల గడిలో వేళ్లతో తడుముతూ అన్నాడు:
"బెజవాడని చూడు బాబూ.
బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ.
అవి లేకపోతే ఊరంతా ఒకటే ముద్ద.
వంతెన ఎక్కితేనే గదా
అవతలి పేటకొచ్చామని తెలిసేది."

చదువుకున్నవాణ్ణి, ఊరుకుంటానా?
సీసమైతే నాలుగు పాదాలు, కింద తేటగీతి,
ఎక్కడ ఆగాలో ఛందస్సే చెబుతుంది,
వచనానికి ఎవరు చెబుతారు ఆగమని? అన్నాను.
ఆయన బల్ల మీంచి సన్నటి బద్ద ఒకటి తీసి చూపించాడు.
"నాకు తెలిసిన సీసం ఇదే.
తొమ్మిది దగ్గర కరెంటు పోయింది.
ఇరవై రెండు దగ్గర అసర్ నమాజుకి లేచాను."

మరి ఆఖరి రెండూ?

ట్రెడిల్ ఆగేదాకా మాట్లాడలేదు.
"అవి కూర్చాక
పైవాటికి ఆనించబుద్ధి కాలేదు."

తియ్యమనలేదు నేను.
పుస్తకం వచ్చాక, ఏలూరు రోడ్డులో కొట్టు ముందు నిలబెట్టి
ఒక పెద్దమనిషి
తొమ్మిదో పాదం తర్వాతి మౌనాన్ని అరగంట మెచ్చుకున్నాడు.
తలూపాను.
కరెంటు సంగతి చెప్పలేదు.

అక్షరాలన్నీ కిలోల లెక్కన అమ్మేసి
ప్రెస్సు మూసిన రోజు
ఆ బద్ద నా జేబులో వేశాడు.
అక్షరాల కంటే పొట్టిది. అందుకే సిరా రోలరు
దాని మీదుగా వెళ్లేది, తాకేది కాదు.
ఇన్ని వేల కాగితాల మధ్య పడుకుని
ఒక్క మచ్చ లేకుండా లేచొచ్చింది.

ఇప్పుడు మీట రెండుసార్లు నొక్కితే ఖాళీ వస్తుంది.
బరువుండదు.

నిన్న రాత్రి రాసిన ముద్ద మీద
సీసపు బద్ద పెట్టి
పైకీ కిందకీ జరుపుతూ కూర్చున్నాను.
ఇంకా

కరెంటు పోలేదు.